రెండు గడులు, ఒక సంతకం: దుకాణంలో దొరికిపోయిన పిల్లల కేసులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే విషయం మీద తీసుకున్నాం. షోరూములో, సూపర్‌మార్కెట్లో వస్తువు బ్యాగులో వేసుకుని దొరికిపోయిన పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల కేసులివి. ఊళ్లు, ఇతర గుర్తులు మార్చాం.

ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఒక పెద్ద షోరూములో బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు, పవర్‌బ్యాంకు బ్యాగులో వేసుకుని వస్తుంటే తలుపు దగ్గర పట్టుకున్నారు. వస్తువులు అక్కడే వెనక్కి తీసుకున్నారు. అయినా కేసు పెట్టారు. స్టేషన్లో నోటీసు ఇచ్చి పంపించారు. ‘కోర్టులో తప్పు ఒప్పేసుకుంటే చిన్న ఫైన్‌తో పోతుంది’ అని తెలిసినాయన అంటున్నాడు. జైలు పడుతుందా? — ఒక అన్న, హనుమకొండ

జవాబు: ఆ తెలిసినాయన మాట కాసేపు పక్కన పెట్టండి. ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ సంపాదించండి. పోలీసు వెబ్‌సైటులో దొరకకపోతే స్టేషన్లోనో కోర్టులోనో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాపీ చేతికొచ్చాక అందులో రెండు గడులు చూడండి. పైభాగంలో చట్టం, సెక్షన్లు రాసే గడి ఉంటుంది. కింద చోరీ సొత్తు మొత్తం విలువ రాసే గడి ఉంటుంది. మీ తమ్ముడి కేసు ఏ దారిన పోతుందో చాలావరకు ఆ రెండే చెబుతాయి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్)లో మామూలు దొంగతనానికి సెక్షన్ 303(2). మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే ఇందులో పాత ఐపీసీలో లేని వెసులుబాటు ఒకటి చేర్చారు. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, శిక్ష పడటం అదే మొదటిసారైతే, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే జైలు ఉండదు, సమాజ సేవే శిక్ష. పైగా 5,000 లోపు కేసు బెయిలబుల్, నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. స్టేషన్ పుస్తకంలో నమోదు చేసుకుని ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లమని చెప్పాలి. 5,000 అయినా, దాటినా అదే 303(2) కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ అవుతుంది.

అందుకే విలువ గడి దగ్గర కంగారు పడకండి, నిర్లక్ష్యమూ చేయకండి. షోరూము వాళ్లు డబ్బా మీది ఎమ్మార్పీ కలిపి రాస్తారు. ఎమ్మార్పీ ప్రకారం 5,900 ఉన్న వస్తువులు ఆ రోజు ఆఫర్లో 4,300కే అమ్ముతుండొచ్చు. ఆ తేదీన అదే షోరూము అదే వస్తువుకు ఇచ్చిన బిల్లు గానీ, ఆఫరు ప్రకటన గానీ దొరికితే దాచిపెట్టండి. అసలు విలువ ఎంత అన్నది మీ వకీలు కోర్టులో లేవనెత్తాల్సిన మొదటి పాయింటు.

ఇక సెక్షన్ గడి. అక్కడ 303(2) ఒక్కటే ఉంటే ఒక లెక్క. 305 కూడా ఉంటే ఇంకో లెక్క. 305 అంటే మనుషులు నివసించే, లేదా సొత్తు భద్రపరిచే భవనంలో దొంగతనం. ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. అక్కడ 5,000 వెసులుబాటు లేదు. ఇదివరకటి ఐపీసీ 380 ఇదే. దుకాణాన్ని ‘సొత్తు భద్రపరిచే భవనం’ కింద లెక్కేసి ఈ సెక్షను పెట్టేస్తుంటారు. కొనేవాళ్లు స్వేచ్ఛగా వచ్చిపోయే అమ్మకపు హాలు వేరు, తాళం వేసిన గోడౌను వేరు అన్నది మీ వైపు వాదన. నిలుస్తుందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది, కానీ ఛార్జిషీటు పడకముందే ఆ వాదన కాగితం మీదికి ఎక్కాలి. ఒక కేసులో కాగ్నిజబుల్ సెక్షను ఒక్కటి ఉన్నా మొత్తం కేసు కాగ్నిజబుల్ కిందికే వస్తుంది. 4,000 రూపాయల వస్తువుకు ఎఫ్‌ఐఆర్ ఎలా అయిందని అడిగేవాళ్లకు చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

మీ తమ్ముడికి ఇచ్చింది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) నోటీసు అయి ఉండాలి. జనం నోట్లో ఇంకా పాత సీఆర్‌పీసీ నంబరుతో ‘41ఎ నోటీసు’గానే ఉంది. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో అరెస్టు యాంత్రికంగా చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో గట్టిగా చెప్పింది. నోటీసులో చెప్పిన తేదీకి, టైముకు హాజరవుతున్నంత కాలం, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే మాత్రం ఆ రక్షణ పోతుంది. వెళ్లిన ప్రతిసారీ హాజరైనట్టు రాత తీసుకోండి. అలాంటి నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. చెల్లదు కదా అని ఊరుకోకుండా వకీలు ద్వారా స్టేషన్‌కు జవాబు పంపడం మేలు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ప్రశ్నించేటప్పుడు వకీలును కలుసుకునే హక్కు కూడా ఉంది.

ఇప్పుడు ‘ఒప్పేసుకుంటే పోతుంది’ అన్న మాట. జైలు పడకపోవచ్చు, అది నిజమే. కానీ తప్పు ఒప్పుకున్నాక కోర్టు వేసేది శిక్ష. వంద రూపాయల జరిమానా అయినా, పార్కు ఊడ్చే సమాజ సేవ అయినా దాని వెనుక దోషి అన్న తీర్పు ఉంటుంది. రేపు ఉద్యోగం ఫారంలో ‘మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా’ అన్న గడిలో ‘అవును’ అని రాయాల్సింది మీ తమ్ముడే. పైగా మళ్లీ ఎప్పుడైనా దొంగతనం కేసులో శిక్ష పడితే 303(2) కింద కనీసం ఏడాది కఠిన జైలు, గరిష్ఠంగా ఐదేళ్లు.

మంచి దారి రాజీ. 303(2) రాజీ పడదగిన నేరం. సొత్తు యజమాని ఒప్పుకుంటే చాలు, కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు. రాజీ నమోదైతే చట్టం దృష్టిలో అది నిర్దోషిగా విడుదలైనట్టే. ఎక్కువగా చెడిపోయేది ఎక్కడంటే, స్టేషన్ బయట టీకొట్టు దగ్గర మేనేజరుతో కాగితం రాయించుకుని ‘అయిపోయింది’ అనుకోవడం దగ్గర. ఎఫ్‌ఐఆర్ పడ్డాక ఆ కాగితం కేసును మూయదు, ఏడాది తర్వాత సమన్లు వస్తాయి. రాజీ కోర్టులోనే నమోదు కావాలి. గొలుసు షోరూమైతే యజమాని కంపెనీ కాబట్టి, సంతకం పెట్టే మనిషికి కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. ఫిర్యాదు చేసిన మేనేజరు బదిలీ అయిపోవడం, కొత్తాయన ‘నాకు తెలియదు’ అనడం మామూలే, అందుకే త్వరపడండి. జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గర్లో ఉంటే అక్కడ పెట్టించుకోవడం సులువు.

305 ఉంటే మేజిస్ట్రేటు కోర్టులో రాజీ కుదరదు, ఆ సెక్షను రాజీ జాబితాలో లేదు. అప్పుడు రెండు వైపులా ఒప్పందంతో హైకోర్టులో సురక్షా సంహిత సెక్షన్ 528 కింద కేసు కొట్టేయమని పిటిషన్ వేయాలి. ఖర్చు, కాలం రెండూ ఎక్కువ. ఆ సెక్షన్ గడి గురించి ఇంతసేపు చెప్పింది అందుకే.

రాజీ కుదరక, నేరం రుజువైనా ఇంకో మెట్టుంది. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 6 ప్రకారం 21 ఏళ్ల లోపు వాళ్లను, జీవిత ఖైదు పడే నేరాల్లో తప్ప, కోర్టు నేరుగా జైలుకు పంపకూడదు. ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి, జైలే సరైనదని తోస్తే కారణాలు రాయాలి. చాలామంది పొరబడేది వయసు లెక్కలో. నేరం చేసిన నాటి వయసు కాదు, శిక్ష ఖరారు చేసే నాటి వయసు చూస్తారు. మీ తమ్ముడికి ఇప్పుడు 19. కేసు రెండేళ్లు సాగితే సెక్షన్ 6 చేజారుతుంది. మందలించి వదిలేసే సెక్షన్ 3, మంచి నడవడి బాండు మీద వదిలే సెక్షన్ 4 మాత్రం వయసుతో పని లేకుండా ఉంటాయి. ఆ రెండింటి కింద వదిలేస్తే, శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవని సెక్షన్ 12 చెబుతోంది. వకీలు అడగకపోతే ఈ చట్టం కోర్టులో ప్రస్తావనకే రాకుండా పోయే ప్రమాదం ఉంది. అడిగించండి.

ప్రశ్న: నాకు 20 ఏళ్లు. సూపర్‌మార్కెట్లో 380 రూపాయల క్రీము బ్యాగులో ఉండిపోయింది. బిల్లు వేయించడం మరిచిపోయాను. సెక్యూరిటీ వాళ్లు వెనక గదిలో మూడు గంటలు కూర్చోబెట్టి, మగ గార్డు బ్యాగు, జేబులు వెతికి, ‘దొంగతనం చేశాను, క్షమించండి’ అని రాయించుకున్నారు. 5,000 కట్టించుకుని వదిలారు. ఇప్పుడు ఇంకో 10,000 ఇవ్వకపోతే వీడియో కాలేజీ గ్రూపులో పెడతామంటున్నారు. — పేరు వద్దు, విజయవాడ

జవాబు: ఇకపై ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఇచ్చిన 5,000కు యూపీఐ రికార్డు ఉంటే దాన్ని, వచ్చిన కాల్స్, మెసేజీలన్నిటినీ స్క్రీన్‌షాట్లు తీసి ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. పరువు తీస్తామని బెదిరించి డబ్బు గుంజడం బీఎన్‌ఎస్ 308 కింద బలవంతపు వసూలు. దానికి ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీ మీద రాగల 380 రూపాయల కేసుకన్నా ఇది చాలా పెద్ద నేరం. ఈ సంగతి వాళ్లకు వకీలు నోటీసుగా చెబితే చాలాసార్లు ఫోన్లు అక్కడితో ఆగిపోతాయి. ఆగకపోతే ఫిర్యాదు చేయండి.

మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకునే అధికారం సురక్షా సంహిత సెక్షన్ 40లో ఉంది. అయితే తన కళ్లముందు కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరం జరిగితేనే. పట్టుకున్నాక ఆలస్యం లేకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ 6 గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. 5,000 లోపు దొంగతనం ఆ కోవలోకి రాదని మీ వకీలు గట్టిగా వాదించవచ్చు. గదిలో మూడు గంటలు పెట్టి, పోలీసులను పిలవకుండా బేరం ఆడటం అక్రమ నిర్బంధం కిందికి వస్తుంది. ఇక వెతకడం. పోలీసులు అరెస్టు చేసిన ఆడమనిషిని కూడా ఆడవాళ్లే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలి. దుకాణం గార్డుకు ఆపాటి అధికారం కూడా లేదు.

రాసిచ్చిన క్షమాపణ పత్రమే కాస్త చిక్కు. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లకపోయినా, బయటి మనిషికి రాసిచ్చింది సాక్ష్యంగా తెచ్చేందుకు ప్రయత్నించవచ్చు. బెదిరించి రాయించుకున్నదైతే పనికిరాదు. ఆ బెదిరింపు జరిగిందని చూపడానికే ఈ మెసేజీలు కావాలి. ఆ పూట అక్కడ ఏం జరిగింది, ఎన్ని గంటలకు లోపలికి తీసుకెళ్లారు, ఎవరెవరున్నారు, ఏం అన్నారు అన్నది తేదీతో ఇవాళే రాసి పెట్టుకోండి. సీసీటీవీ రికార్డును చెరపకుండా భద్రపరచమని దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపండి. పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతూ ఉంటుంది కాబట్టి ఆలస్యం చేస్తే అందదు. మరిచిపోవడం దొంగతనం కాదు, దురుద్దేశం ఉంటేనే దొంగతనం. మీరు ట్రాలీలోని మిగతావన్నీ బిల్లు వేయించుకుంటున్నట్టు అందులో కనబడితే మీకు అదే పెద్ద అండ.

వకీలు ఫీజు బరువనిపిస్తే 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలును ఇస్తారు.

ప్రశ్న: మా అబ్బాయికి 23. అమెరికాలో న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా తెచ్చాడట. పోలీసులు కాగితం చేతిలో పెట్టి, కోర్టు తేదీ ఇచ్చి వదిలేశారు. ‘ఫైన్ కట్టేస్తే అయిపోతుంది నాన్నా, ఫ్రెండ్స్ చెప్పారు’ అంటున్నాడు. పైగా స్టోరు తరఫు లాయరు నుంచి డబ్బు కట్టమని వేరే లెటరు కూడా వచ్చింది. — ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అక్కడి నేరచట్టం ప్రకారం చిన్నదిగా కనిపించేది వలస చట్టం దగ్గరికొచ్చేసరికి పెద్దదైపోతుంది. మీ అబ్బాయి స్నేహితులు మొదటి సగమే చెప్పారు.

ఆ కాగితాన్ని సమన్స్ కంప్లయింట్ అంటారు. దాని మీద చట్టం నంబరు 2సి:20-11 ఉండాలి, అది న్యూజెర్సీ షాప్‌లిఫ్టింగ్ చట్టం. స్కాన్ చేయకపోవడమే కాదు, వస్తువు దాచడం, ధర చీటీ మార్చడం, ఒక డబ్బాలో ఇంకోటి పెట్టడం కూడా అందులోకే వస్తాయి. దొంగతనం స్థాయి పూర్తి రిటైల్ ధరను బట్టి మారుతుంది. 200 డాలర్ల లోపు అయితే డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్ అనే కింది స్థాయి నేరం, ఊరి మున్సిపల్ కోర్టులో విచారణ, గరిష్ఠంగా ఆరు నెలల జైలు. 200 నుంచి 500 దాకా నాలుగో డిగ్రీ నేరం, 18 నెలల దాకా జైలు. 500 దాటితే మూడో డిగ్రీ, మూడు నుంచి ఐదేళ్లు. ఒకే పద్ధతిలో పలుసార్లు చేసి ఉంటే ఆ మొత్తాలు కలిపి లెక్కేయవచ్చు. ఈ ఒక్కసారి 60 డాలర్లే కదా అనుకుంటే, స్టోరు పాత వీడియోలు తీసి 240 చేయొచ్చు. మొదటిసారి దోషిగా తేలినా కనీసం 10 రోజుల సమాజ సేవ తప్పనిసరి.

వలస చట్టంలో దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరంగా చూస్తారు. దేశంలోకి ప్రవేశించిన ఐదేళ్లలోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష వేసే వీలు చట్టంలో ఉంటే, దోషిగా తేలినవాళ్లను పంపించేయడానికి అది ఆధారం అవుతుంది. నిజంగా ఎంత శిక్ష వేశారన్నది అక్కడ లెక్క కాదు. 200 డాలర్ల గీతకు అటూ ఇటూ ఎంత తేడా ఉందో చూడండి: కింద గరిష్ఠం ఆరు నెలలు, పైన 18 నెలలు. ఇక్కడి 5,000 రూపాయల గీతకు అక్కడి పెద్దన్న లాంటిది ఇది. కింద ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు, ఇలాంటివి రెండు జరిగితే ఆ ఆధారం మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇక అసలు గొయ్యి. న్యూజెర్సీ మున్సిపల్ కోర్టుల్లో మొదటిసారి వాళ్లకు కండిషనల్ డిస్మిసల్ అని ఒక అవకాశం ఇస్తారు. ఏడాది బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ దానికి ముందు తప్పు ఒప్పుకోవాలి, లేదా దోషిగా తేలాలి. వలస చట్టం నిర్వచనం ప్రకారం తప్పొప్పుకుని, కోర్టు ఏ రకమైన ఆంక్ష పెట్టినా అది ‘కన్విక్షన్’. తర్వాత కొట్టేసినా సరే. అంటే రాష్ట్రం దృష్టిలో కేసు లేదు, వీసా అధికారి దృష్టిలో ఉంది. టెక్సస్‌లో ఉన్న పిల్లలకు డిఫర్డ్ అడ్జుడికేషన్ (తప్పొప్పుకున్నాక తీర్పు వాయిదా వేసే పద్ధతి)లో ఇదే చిక్కు. అక్కడ మన పిల్లలు చాలామందే ఉన్నారు కాబట్టి చెప్తున్నాం.

కాబట్టి ఫైన్ కట్టి రావడం కాదు. మొదట ఆ ఊరి మున్సిపల్ కోర్టులో కేసులు చూసే క్రిమినల్ లాయరు, ఆయన పక్కన వలస చట్టం లాయరు, ఇద్దరూ మాట్లాడుకున్నాకే ఏ కాగితం మీదైనా సంతకం. నేరం ఒప్పుకుంటే వలస పరంగా ఏమవుతుందో క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో తేల్చింది, కాబట్టి ఆ ప్రశ్న మొహమాటం లేకుండా అడగమనండి. లాయర్లు సాధారణంగా ప్రయత్నించేవి మూడు. సాక్ష్యం బలహీనంగా ఉంటే కేసు కొట్టేయించడం, దొంగతనం కాని స్థానిక నిబంధన ఉల్లంఘనగా మార్పించడం, పై స్థాయి నేరమైతే తప్పొప్పుకోకుండా చేరగలిగే ప్రీట్రయల్ ఇంటర్వెన్షన్ (విచారణకు ముందే పర్యవేక్షణలో పెట్టే పథకం)లో చేర్పించడం.

స్టోరు లాయరు లెటరు వేరే సంగతి. అది సివిల్ రికవరీ, నష్టపరిహారం అడగడం. అది కట్టినందువల్ల క్రిమినల్ కేసు పోదు. కట్టేముందు లాయరుకు చూపించాలి. కోర్టు తేదీ మాత్రం తప్పకూడదు, తప్పితే వారంటు వస్తుంది. సెలవులకు ఇండియా టికెట్ తీసుకుని ఉంటే ఆపేయమనండి. వీసా అధికారులు దోషిగా తేలకముందే, కేవలం అరెస్టు మీద కూడా వీసా రద్దు చేయగలరు. వీసా రద్దయినా అక్కడే చదువుతూ ఉంటే స్టేటస్ దానంతటదే పోదు, కానీ బయటికొస్తే కొత్త వీసా లేకుండా లోపలికి వెళ్లలేడు. 2025 వసంతంలో పోలీసు రికార్డులో పేరు ఉన్నందుకే చాలామంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేసు) రికార్డులు ఆపేశారు, కోర్టుల్లో కేసులు పడ్డాక పునరుద్ధరించారు. ఆ జులైలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీ కూడా దొంగతనం చేస్తే వీసా పోతుందని హెచ్చరిక పెట్టింది.

కేసు ముగిశాక కోర్టు నుంచి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకృత కాపీ) తీసుకుని జీవితాంతం దాచుకోవాలి. రికార్డు చెరిపించినా వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్నకు అవునని రాయాల్సిందే. వేలిముద్రలు తీసుకుని ఉంటే అవి అక్కడ కనబడతాయి. దొంగతనం కన్నా అబద్ధమే ఎక్కువ నష్టం చేస్తుంది.

ప్రశ్న: రెండేళ్ల కిందటి చిన్న దొంగతనం కేసు లోక్ అదాలత్‌లో రాజీతో పోయింది. ఇప్పుడు కానిస్టేబుల్ సెలక్షన్లో ఉన్నాను. అటెస్టేషన్ ఫారంలో రాయాలా? కేసే లేదు కదా. — అభ్యర్థి, నల్లగొండ

జవాబు: రాయాలి. ఫారంలో ‘శిక్ష పడిందా’ అని మాత్రమే ఉండదు, ‘ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్టయ్యారా’ అని కూడా ఉంటుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) సర్టిఫైడ్ కాపీలు జత చేయండి. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పినదాని సారం ఇది: చిన్న వయసులో జరిగిన అల్పమైన విషయం దాచినా యజమాని పట్టించుకోకుండా వదిలేయొచ్చు, నిజం చెప్పినా నియామకం ఇచ్చే తీరాలని లేదు. పోలీసు ఉద్యోగంలో రాజీతో పోయిన కేసును కూడా తరచి చూసే అధికారం వాళ్లకుంది. నిజం చెప్పి పోగొట్టుకుంటే కోర్టుకు వెళ్లడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. దాచి పోగొట్టుకుంటే ఆ చేయి కూడా బాగా బలహీనపడుతుంది.

ప్రశ్న: మా పాపకు 17 ఏళ్ల 10 నెలలప్పుడు షాపులో జరిగింది. ఇప్పుడు 18 నిండాయి. పెద్దల కోర్టుకా? — ఒక తల్లి, ఒంగోలు

జవాబు: కాదమ్మా. జరిగిన నాటి వయసే లెక్క, బాలల న్యాయ మండలికే వెళ్తుంది. పదో తరగతి మెమో, లేకపోతే జనన ధ్రువపత్రం పట్టుకెళ్లండి. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగించినా ఇంకో రెండు నెలల్లో పూర్తికాకపోతే ఆగిపోతుంది. ఈ కేసు వల్ల తర్వాత ఏ అనర్హతా రాదని చట్టంలోనే ఉంది.

ప్రశ్న: నా మీద దొంగతనం కేసు నడుస్తోంది. పాస్‌పోర్టు ఇస్తారా? — బి.టెక్. విద్యార్థి, కర్నూలు

జవాబు: ఎఫ్‌ఐఆర్ దశలోనే ఉంటే ‘కోర్టులో పెండింగ్’ అనడానికి లేదు. ఛార్జిషీటును కోర్టు విచారణకు స్వీకరించాక అది పెండింగ్ కేసు. అప్పుడు అదే కోర్టులో పిటిషన్ వేసి అనుమతి ఉత్తర్వు తెచ్చుకోవాలి. 1993 నాటి కేంద్ర నోటిఫికేషన్ దానికి దారి ఇస్తుంది. ఉత్తర్వులో ఎన్నేళ్లకు అన్నది రాయించుకోవడం మరవకండి. కాలం ఏమీ రాయకపోతే పాస్‌పోర్టు ఏడాదికే ఇస్తారు, వచ్చే ఏడు మళ్లీ అదే కోర్టు మెట్లెక్కాలి.